ఫ్రాన్సు వెళ్లిపోయింది. నైజర్‌లో దొర పోయాడా?

2025 ఏప్రిల్‌లో ఆఫ్రికాలోని నైజర్ దేశంలో అయిదుగురు జార్ఖండ్ కూలీలను సాయుధులు ఎత్తుకెళ్లారు. వాళ్లు అక్కడికి వెళ్లింది కరెంటు లైన్లు వేసే పనికి. మూడు నెలలు తిరక్కుండానే జూలైలో అదే దేశంలో దొస్సో అనే ప్రాంతంలో దాడి జరిగి మరో ఇద్దరు భారతీయులు చనిపోయారు, ఒకర్ని ఎత్తుకెళ్లారు. ఇలాంటి వార్త మన దగ్గర రెండు రోజులు నలుగుతుంది. కూలీ చచ్చిపోయిన వార్త కదా, మూడో రోజుకి ఎవరికీ పట్టదు.

ఆ దేశం గురించి ఒక్క ముక్క చెబితే మీకే ఆశ్చర్యం వేస్తుంది. యాభై ఏళ్లకు పైగా నైజర్ యురేనియం ఫ్రాన్సులో దీపాలు వెలిగించింది. నైజర్‌లో మాత్రం అయిదుగురిలో నలుగురికి ఇంట్లో కరెంటు లేదు. అందుకే కరెంటు స్తంభాలు పాతడానికి జార్ఖండ్ నుంచి కూలీ వెళ్లాడు. అందుకే తుపాకీ పట్టినవాడి చేతికి చిక్కాడు. ఈ రెండూ వేరువేరు కథలు కావు.

మన వాడలో బోరు లేదు, శ్మశానానికి దారి లేదు, ఎక్కడో ఎడారి దేశం మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు అడగొచ్చు. అడగాల్సిందే. మేం రాస్తున్నది వాళ్ల మీద జాలిపడమని కాదు. పోగొట్టుకున్న సంపదను తిరిగి రాబట్టుకుంటామని ఒక పేద దేశం లేచి నిలబడింది. మంచిదే. కానీ వచ్చిన సంపద ఎవరి ఇంటికి పోతుంది? ‘మనది’ అన్నప్పుడు అందులో పాలేరు ఉన్నాడా, లేడా? ఈ ప్రశ్న వాళ్లదే కాదు, మనది కూడా.

ముందు ఆ దేశం సంగతి చూద్దాం. నైజర్ వేరు, నైజీరియా వేరు. నైజీరియాకు ఉత్తరాన ఉంటుంది నైజర్. సముద్రం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా దాని విస్తీర్ణంలో నాలుగో వంతు రావు. కానీ నాలుగింట మూడు వంతులు సహారా ఎడారి. జనం సుమారు 2 కోట్ల 70 లక్షలు. అందులో దాదాపు సగం పదిహేనేళ్ల లోపు పిల్లలే. దక్షిణపు అంచున సజ్జ, జొన్న, అలసంద పండిస్తారు. పైన పశువుల కాపర్లు. మూడు నాలుగు నెలల వాన మీద ఏడాది బతుకు. 2005లో వాన మోసం చేసి, మిడతలు మేసి ఆకలి వచ్చింది. 2024లో వానలు ముంచెత్తి 300 మందికి పైగా చనిపోయారు, పది లక్షల మందికి పైగా నష్టపోయారు. చదువు, ఆరోగ్యం, ఆదాయం లెక్కగట్టి ఐక్యరాజ్యసమితి వేసే జాబితాలో నైజర్ ప్రతిసారీ అట్టడుగు వరసలోనే ఉంటుంది.

ఇంత పేద దేశం నేల కింద ఏముంది? యురేనియం ఉంది, బంగారం ఉంది, చమురు ఉంది. 1960 ఆగస్టు 3న ఫ్రాన్సు నుంచి స్వతంత్రం వచ్చింది. జెండా మారింది. కానీ ఉత్తరాన ఆర్లిట్ దగ్గర యురేనియం తవ్వకం 1971లో మొదలైంది ఫ్రెంచి కంపెనీ చేతుల మీదుగానే. ఆ కంపెనీ పేర్లు మార్చుకుంటూ చివరికి ఒరానో అయింది. పెద్ద గనిలో దాని వాటా 63 శాతానికి పైన, నైజర్ ప్రభుత్వం వాటా 36 శాతానికి పైన. నేల వాళ్లది, పెత్తనం వీళ్లది. మన ఊళ్లో కౌలుకిచ్చిన భూమిలో కూడా ఇంత అన్యాయం ఉండదు.

అక్కడే బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం ఒకటి కట్టారు. ఎవరి కోసం? ప్రధానంగా గనుల కోసం. ఆర్లిట్ పక్కనే అకూటా గని ఉండేది. నలభై ఏళ్లకు పైగా తవ్వి 2021 మార్చిలో మూసేశారు. యురేనియం ఐరోపాకు పోయింది. సుమారు 2 కోట్ల టన్నుల విషపు మట్టి కుప్పగా అక్కడే మిగిలింది. ఎడారి గాలికి ఆ దుమ్ము ఎవరి ఇంట్లోకి వస్తుందో వేరే చెప్పాలా?

యురేనియం అంటే మనకు తెలియని వస్తువేం కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి తీస్తున్నారు. బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. నల్లమలలో తవ్వుతామంటే చెంచులు, చుట్టుపక్కల జనం అడ్డం తిరిగారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఆర్లిట్ మనిషి బాధ తుమ్మలపల్లె మనిషికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంత సొమ్ము పోతుంటే నైజర్ పాలకులు ఏం చేశారు? మొదటి అధ్యక్షుడు హమానీ డియోరి యురేనియం ధర పెంచమని ఫ్రాన్సుతో బేరం మొదలుపెట్టాడు. బేరం తెగకముందే, 1974 ఏప్రిల్‌లో సైన్యం ఆయన్ని దించేసింది. అప్పటికే కరువుతో జనం అల్లాడుతున్నారు, ప్రభుత్వం మీద అవినీతి మచ్చ కూడా ఉంది. ఆ తర్వాత 1996లో ఒక కుట్ర. అలా వచ్చిన అధ్యక్షుణ్ణి 1999లో సొంత కాపలావాళ్లే విమానాశ్రయంలో కాల్చేశారు. 2009లో ఇంకో అధ్యక్షుడు రాజ్యాంగాన్ని పక్కకు తోసి కుర్చీలో ఉండిపోబోతే 2010లో మళ్లీ సైన్యం. 2021లో మొదటిసారిగా, ఎన్నికైన అధ్యక్షుడు దిగిపోయి ఎన్నికైన ఇంకో అధ్యక్షుడు మహమ్మద్ బజూమ్ వచ్చాడు. రెండేళ్లు దాటిన కొద్ది కాలానికే అంగరక్షక దళం అధిపతి జనరల్ తియాని 2023 జూలై 26న ఆయన్ని ఆయన ఇంట్లోనే బంధించాడు.

ఇక్కడి నుంచి కథ వేగంగా నడిచింది. ఎకోవాస్ అనే పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి నైజర్ మీద ఆంక్షలు పెట్టింది. సరిహద్దులు మూసేసింది. నైజర్ వాడే కరెంటులో చాలా భాగం నైజీరియా నుంచి వచ్చేది, దాన్ని కట్ చేశారు. తిండి గింజల లారీలు, మందుల లారీలు బెనిన్ సరిహద్దులో వరసలు కట్టి ఆగిపోయాయి. బియ్యం ధర ఎగిరింది. 2024 ఫిబ్రవరిలో ఆంక్షలు ఎత్తేసేదాకా ఏడు నెలలు జనం నలిగారు. జనరల్ గారి భోజనం ఒక పూటైనా ఆగిందా? ఆగలేదు. శిక్ష వేసింది జనరల్‌కి, అనుభవించింది కూలీ. మన ఊళ్లో సాంఘిక బహిష్కారం చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. కిరాణా కొట్టు మూసేస్తే పస్తుండేది ఎవరో మనకు తెలుసు.

జనరల్ ఊరుకోలేదు. ఫ్రాన్సు సైన్యాన్ని పొమ్మన్నాడు. 2023 డిసెంబరుకు 1,500 మంది ఫ్రెంచి సైనికులు వెళ్లిపోయారు. అగాడెజ్ దగ్గర 10 కోట్ల డాలర్లకు పైగా పోసి కట్టుకున్న డ్రోన్ల స్థావరం వదిలి 2024 సెప్టెంబరుకు అమెరికా వాళ్లూ వెళ్లారు. రష్యా నుంచి సైనిక శిక్షకులు దిగారు. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ మూడూ కలిసి కొత్త కూటమి కట్టి 2025 జనవరిలో ఎకోవాస్ నుంచి బయటికొచ్చాయి. 2025 జూన్‌లో ఆర్లిట్ గని మొత్తం దేశానిదేనని ప్రకటించారు. చైనా చమురు కంపెనీలో అక్కడి మనిషికి ఒక జీతం, బయటి మనిషికి ఇంకో జీతం ఏంటని 2025 మార్చిలో ముగ్గురు చైనా అధికారులను దేశం నుంచి పంపించేశారు. రాజధాని నియామేలో జనం వీధుల్లోకొచ్చి చిందేశారు.

ఆ సంతోషాన్ని మేం తక్కువ చేయం. అరవై ఏళ్లు వాళ్ల నేలను పిండుకున్నవాణ్ణి బయటికి పంపితే ఎవరికి ఆనందం ఉండదు? స్వతంత్రం వచ్చి అరవై ఏళ్లు దాటినా వాళ్ల జేబులో ఉన్నది 1945లో ఫ్రాన్సు పుట్టించిన సి.ఎఫ్.ఎ. ఫ్రాంకే. ఆ కడుపుమంట నిజం. మరి దాన్ని జనరల్ దేనికి వాడుకున్నాడు? 2025 మార్చి 26న అయిదేళ్ల కాలానికి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. అదే రోజు దేశంలోని రాజకీయ పార్టీలన్నీ రద్దు చేశాడు. అంతకు ముందే 2024 డిసెంబరులో ముసా చంగారి అనే హక్కుల నాయకుణ్ణి జైల్లో పెట్టారు. ఈ మనిషి ఎన్నికైన ప్రభుత్వాల కాలంలో కూడా జైలుకెళ్లినవాడే. ఓట్ల ప్రభుత్వానికీ ఆయన గొంతు గిట్టలేదు, తుపాకీ ప్రభుత్వానికీ గిట్టలేదు.

దేశానికి భద్రత లేదు, అందుకే దిగాం అన్నారు సైనికులు. భద్రత లేని మాట నిజమే. 2011లో పక్కనున్న లిబియాలో గడాఫీ ప్రభుత్వాన్ని నాటో దేశాల బాంబుల సాయంతో కూల్చారు. అక్కడి ఆయుధాలు ఎడారి దాటి నాలుగు దిక్కులా పాకాయి. 2015 నుంచి తూర్పున దిఫ్ఫా ప్రాంతంలో బోకో హరామ్ దాడులు. పడమట తిల్లాబెరి ప్రాంతంలో ఇస్లామిక్ స్టేట్ ముఠాలు. 2019 డిసెంబరులో ఇనాటెస్ సైనిక శిబిరంలో 71 మంది సైనికులు చనిపోయారు. 2021 జనవరిలో రెండు ఊళ్ల మీద పడి సుమారు వంద మంది పల్లె జనాన్ని చంపారు. అదే ఏడాది మార్చిలో తహువా ప్రాంతంలో ఒక్క రోజే 137 మందిని చంపారు. అప్పుడు ఫ్రాన్సు సైన్యం అక్కడే ఉంది, అమెరికా డ్రోన్లు పైన తిరుగుతూనే ఉన్నాయి. వాళ్లంతా వెళ్లిపోయాక? 2025 మార్చిలో ఫంబిటా అనే ఊరి మసీదులో నమాజు చేస్తున్న 44 మందిని చంపారు. జూన్‌లో బానిబంగూ శిబిరంలో 34 మంది సైనికులు పోయారు. ఫ్రాన్సు తుపాకీ కాపాడలేదు, జనరల్ తుపాకీ కాపాడలేదు, రష్యా తుపాకీ కాపాడలేదు.

ఎందుకు కాపాడలేదు? తుపాకీ అడవిలో తిరిగేవాణ్ణి వెతుకుతుంది గానీ, వాడు అడవికి ఎందుకు పోయాడో అడగదు. ఆ ముఠాలు ఊరిమీద పడి ‘జకాత్’ పేరుతో పశువులు గుంజుకుపోతాయి, ఇవ్వనివాణ్ణి చంపుతాయి. వాటిని సమర్థించేదేం లేదు, చచ్చేది పేద ముస్లిం రైతులే. కానీ వాటిలో చేరుతున్న కుర్రాళ్లెవరు? మేత భూములు పోయి, పశువులు దొంగలపాలై, ఫిర్యాదు చేస్తే వినే పోలీసు లేని కాపరి కుర్రాళ్లు కూడా అందులో ఉన్నారు. న్యాయం చెప్పేవాడు లేని చోట తుపాకీ ఇచ్చేవాడు దొరుకుతాడు. ఇది మనం అడవి అంచు జిల్లాల్లో చూడని సంగతా?

ఇప్పటిదాకా చెప్పింది పెద్ద పత్రికల్లో కూడా దొరుకుతుంది. దొరకనిది ఇంకోటి ఉంది.

నైజర్‌లో పుట్టుకతో బానిసలున్నారు. ఎప్పుడో కాదు, మన కాలంలోనే. తువారెగ్, అరబ్బు, హౌసా సమాజాల్లో కొన్ని కుటుంబాలు యజమానులు, కొన్ని కుటుంబాలు వాళ్ల బానిసలు. బానిసకు పుట్టినవాడు బానిసే. పశువులు తోలాలి, నీళ్లు చేదాలి, సజ్జలు దంచాలి. కూలి లేదు. విడిపోయి బతుకుతున్నవాళ్లకు కూడా ‘బానిస పుట్టుక’ అన్న పేరు పోదు. పెళ్లి సంబంధం దగ్గర, ఊరి పెద్దరికం దగ్గర, భూమి దగ్గర అది అడ్డం వస్తుంది. కొన్నిచోట్ల పాత యజమానికి ఇప్పటికీ పంటలో భాగం కొలవాలి. పేరు మార్చి చదవండి. వెట్టి కాదూ ఇది?

ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ‘వహాయా’ అని ఒక ఆచారం. నలుగురు భార్యలున్నవాడు బానిస కుటుంబంలోని ఆడపిల్లను కొనుక్కుని అయిదో మనిషిగా తెచ్చుకుంటాడు. పెళ్లి లేదు, మెహర్ లేదు, హక్కు లేదు. పగలు చాకిరి, రాత్రి చాకిరి. జోగిని ఆచారం తెలిసిన మన అక్కచెల్లెళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

హదిజాతు మానీ అనే ఆమెను 1996లో, పన్నెండేళ్ల వయసులో, 2 లక్షల 40 వేల సి.ఎఫ్.ఎ. ఫ్రాంకులకు అమ్మారు. తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో చాకిరి చేసింది. 2003లో నైజర్ కొత్త చట్టం చేసింది, బానిసగా పెట్టుకుంటే 10 నుంచి 30 ఏళ్ల జైలని. దాంతో 2005లో ఆ యజమాని ‘విడుదల కాగితం’ రాసిచ్చాడు. ఆమె బయటికి వచ్చి తనకు నచ్చిన మనిషిని చేసుకుంది. యజమాని ఏమన్నాడో తెలుసా? ఆమె నా భార్య అన్నాడు. కోర్టు ఎవర్ని జైల్లో పెట్టింది? ఆమెనే. ఒక మొగుడుండగా ఇంకొకణ్ణి చేసుకుందన్న నేరం కింద 2007లో ఆమెకు జైలు శిక్ష పడింది. ఆమె వదల్లేదు. ఎకోవాస్ కూటమి న్యాయస్థానానికి వెళ్లింది. 2008 అక్టోబరు 27న ఆ కోర్టు, బానిసత్వం నుంచి ఆమెను కాపాడడంలో నైజర్ ప్రభుత్వం విఫలమైందని తీర్పు చెప్పి కోటి ఫ్రాంకులు పరిహారం ఇవ్వమంది. చదువు లేని ఆడమనిషి ఒక ప్రభుత్వాన్ని బోనులో నిలబెట్టింది.

ఆమె వెనక నిలబడింది ‘తిమిడ్రియా’ అనే సంఘం. 1991లో పుట్టింది. బానిస పుట్టుక ఉన్నవాళ్లే నడిపే సంఘం. ఆ మాటకు అర్థం సోదరత్వం. బాబాసాహెబ్ పదేపదే చెప్పిన మాట అదే కదా. 2005 మార్చిలో ఇనాటెస్ దగ్గర 7,000 మంది బానిసలను ఒకేసారి విడుదల చేసే సభ పెట్టాలనుకున్నారు. ఆఖరి నిమిషంలో ఊరి పెద్ద మాట మార్చాడు, అసలు మా దగ్గర బానిసలే లేరన్నాడు. ప్రభుత్వం కూడా అదే పాట పాడింది. సంఘం నాయకుణ్ణి అరెస్టు చేసింది. అప్పుడున్నది సైనిక ప్రభుత్వం కాదు, ఓట్లతో గెలిచిన ప్రభుత్వం. ‘మా ఊళ్లో అంటరానితనం లేదండీ, అందరం అన్నదమ్ముల్లా ఉంటాం’ అని మనకు చెప్పే పెద్దమనుషుల గొంతు వినబడటం లేదూ?

ఇంకో మెలిక చూడండి. ఆంక్షలు పెట్టి పేదల్ని పస్తులు పెట్టింది ఎకోవాస్. అదే ఎకోవాస్ కోర్టులో తప్ప హదిజాతుకు న్యాయం దొరకలేదు. 2025 జనవరిలో ఆ కూటమి నుంచి బయటికి రావడంతో రేపటి హదిజాతుకు ఆ తలుపు కూడా మూసుకుపోయింది. మా కోర్టు మేమే పెట్టుకుంటామని మూడు దేశాల సైనిక పాలకులు ప్రకటించారు. ప్రతిపక్షాన్ని రద్దు చేసినవాడు పెట్టే కోర్టులో బానిస పుట్టుక మనిషి ధైర్యంగా నిలబడగలదా?

ఇప్పుడు మా మాట. నైజర్ గురించి మన దగ్గర రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి, ప్రజాస్వామ్యం కూలిపోయింది, ఎన్నికైన అధ్యక్షుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాలి అనే గొంతు. రెండోది, సామ్రాజ్యవాదాన్ని తరిమిన వీరులు, జనరల్‌కు జేజేలు అనే గొంతు. మొదటివాళ్లను అడుగుతున్నాం. ఆ ప్రజాస్వామ్యంలో 7,000 మంది విడుదల సభను ఆపింది ఎవరు? రెండోవాళ్లను అడుగుతున్నాం. గని దేశానిదైంది సరే, గని తవ్వే మనిషి, విషపు మట్టి పక్కన బతికే మనిషి, సజ్జలు దంచే వహాయా దేశంలో భాగమేనా? వాళ్లకు పంపకంలో ఎంత?

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ మన దేశానికి చేసిన హెచ్చరిక ఇదే. రాజకీయాల్లో మనిషికి ఒక ఓటు ఇచ్చి, బతుకులో మాత్రం అసమానత అలాగే ఉంచితే, ఆ వైరుధ్యం ఎప్పుడో ఒకప్పుడు ఇంటినే కూలుస్తుందన్నారు. నైజర్‌లో ఆ ఇల్లు అయిదుసార్లు కూలింది. ప్రతిసారీ పైకప్పు మార్చారు. పునాది ముట్టుకోలేదు.

ఈ బంధుత్వం మేం కల్పిస్తున్నది కాదు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్ష మీద ప్రపంచ సదస్సు జరిగినప్పుడు మన దళిత సంఘాలు వెళ్లి కులం మాట ఎత్తాయి. భారత ప్రభుత్వం అడ్డం పడింది, అది మా ఇంటి విషయం అంది. అయినా 2002లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ వస్తుంది, కులంలాంటి వంశపారంపర్య వ్యవస్థలూ వస్తాయి అని స్పష్టంగా చెప్పింది. మన మాల మాదిగ వాడ, నైజర్ బానిస పుట్టుక గుడిసె ఒకే వాక్యంలోకి వచ్చాయి. నియామేలో మహాత్మాగాంధీ పేరిట భారత ప్రభుత్వం పెద్ద సమావేశ భవనం కట్టిచ్చింది, 2020లో ప్రారంభించింది. ప్రభుత్వాల స్నేహం భవనాలతో నడుస్తుంది. మన స్నేహం తిమిడ్రియాలాంటి సంఘాలతో నడవాలి.

కార్యకర్తలకు మా సూచనలు మూడు.

ఒకటి. ‘మన నీళ్లు మనకే, మన గనులు మనకే, మన ఉద్యోగాలు మనకే’ అనే ఉద్యమాలు మన దగ్గరా వచ్చాయి, ఇంకా వస్తాయి. వాటిలో ముందు వరసలో నడిచి లాఠీ దెబ్బలు తిన్నది మనమే. ఇకమీద జెండా పట్టుకునే ముందే పంపకం అడగండి. భూమిలో ఎంత, కాంట్రాక్టులో ఎంత, పదవిలో ఎంత? గెలిచాక అడుగుదాం అంటే, గెలిచినవాడు మన ఫోను ఎత్తడు.

రెండు. కూలికి దేశం దాటుతున్న మన కుర్రాళ్ల సంగతి. గల్ఫ్ అయినా, ఆఫ్రికా అయినా వెళ్లే ముందు కంపెనీ పేరు, పని చోటు, జీతం, బీమా రాసి ఉన్న కాగితాల నకళ్లు ఇంట్లో ఒకటి, సంఘం దగ్గర ఒకటి ఉంచండి. అక్కడ యుద్ధం ఉందో లేదో ఏజెంటు చెప్పడు. మనమే కనుక్కోవాలి.

మూడు. చట్టం వచ్చింది కదా అని చేతులు దులుపుకోవద్దు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది, జోగినిని రద్దు చేస్తూ 1988లో వచ్చింది. అవి మన మండలంలో ఎంతవరకు దిగాయో లెక్క తీయండి. ఇటుక బట్టీల్లో, కోళ్ల ఫారాల్లో, చేపల చెరువుల దగ్గర అడ్వాన్సు కింద చిక్కుకుపోయిన కుటుంబాలు ఉంటే పేర్లు రాసి తహసీల్దారుకు అర్జీ పెట్టండి. నకలు మాకు పంపండి. వచ్చే సంచికల్లో వాటిని వరసగా వేస్తాం.